ఉప్పెక్కిన జాడీ

కొత్త కాపురానికి వరంగల్ వచ్చినప్పుడు మేం దిగింది ఎనిమిది నేత కుటుంబాలు కలిసుండే వాకిట్లో. డెబ్బైల చివరి మాట. ఇంటికి ఒక్కటే గది. నల్లా, వాకిలి, సామాన్ల గది అందరివీ. ఊడ్చడం, కడగడం, నల్లా దగ్గర తగవులు తీర్చడం వారానికో ఇంటి వంతు.

ఎండాకాలం మామిడి తొక్కు అందరం ఒకేచోట కూర్చుని పెట్టేవాళ్లం, ఎవరి జాడీ వాళ్లకే. జాడీలన్నీ ఒకే పోలిక. అందుకని మూతికి గుడ్డ కప్పి, ఇంటికో రంగు నూలుపోగు కట్టి, సామాన్ల గదిలో వరసగా పెట్టేవారు.

అది నా మొదటి తొక్కు. ములుగు నుంచి మా అత్త ఆదివారం వస్తానని కబురు పెట్టింది. "కోడలి చెయ్యి తొక్కుల తెలుస్తది" అన్నదట. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

ఆ వారమే నా వంతు వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, గది కడిగిందాన్ని ఊరుకోక గుడ్డలన్నీ విప్పి సబ్బుతో ఉతికి, అన్నింటికీ శుభ్రంగా తెల్లదారం కట్టాను.

"పోగులేవి?" అని పక్కింటి అక్క కేక వేసింది.

"పారేసిన అక్కా, నూనె మరకలైనయి."

వాకిలంతా దద్దరిల్లింది. చివరికి జాడీలన్నీ బయట పెట్టి, తలా ఒక వేలు ముంచి నాకడం మొదలుపెట్టారు. ఆరిళ్లవాళ్లు తమ చేతి రుచిని ఇట్టే పట్టేశారు. రెండు మిగిలాయి: ఎదురింటి అవ్వది, నాది. ఒకటి అమృతం. రెండోది నాలుక మీద పెడితే ఉప్పుకు కళ్లు మూతపడ్డాయి.

నేను అమృతం మీద చెయ్యి వేశాను. "ఇది నాది."

అవ్వ రెండోది నాకి, కాసేపు నా ముఖంలోకి చూసింది. "అవు, ఇది నాదే. ముసలి చేతికి ఉప్పు అందాజ తెలుస్తలేదు" అని జాడీ ఎత్తుకుపోయింది.

ఆదివారం మా అత్త రెండుసార్లు వడ్డించుకుని, "చెయ్యి మంచిదే" అంది. నేను మాత్రం ఆ తొక్కు నా కంచంలో వేసుకోలేదు.

ఏడాదంతా అవ్వ మధ్యాహ్నం గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేది. "జర సల్ల పొయ్యి బిడ్డా, తొక్కు ఉప్పగున్నది." సిగ్గుతో చచ్చిపోతూ గిన్నె నిండా మజ్జిగ పోసేదాన్ని. నిజం మాత్రం నోట రాలేదు.

మరుసటి ఎండాకాలం అవ్వ నా పక్కనే కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని ఉప్పు కొలిపించింది. తన జాడీకి ఎర్రపోగు కట్టి, నా జాడీకీ ఎర్రదే కట్టింది.

"గట్లయితే కలిసిపోతయి కదా అవ్వా?"

"పోనీ. ఈసారి ఏదొచ్చినా తింట."