తేమ అరవై దాటిన మధ్యాహ్నం

ఉద్యోగం ఖాయమైందన్న కాగితం చేతికొచ్చిన రోజునే, ఏ బొమ్మను కాపాడమని ఆ ఉద్యోగం ఇచ్చారో దాన్నే పాడుచేయబోయాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. నర్సీపట్నంలో పాత బొమ్మలు దాచిన చిన్న మ్యూజియంలో పని. గోడకున్న డబ్బా గాలిలో తేమ ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది. గంటకోసారి చూసి పుస్తకంలో రాయాలి. అంకె అరవై దాటితే, గుడ్డ మీద గీసిన ఒక పాత బొమ్మకు రంగు పెచ్చులుగా లేస్తుంది.

ఇదంతా తెలిసి కూడా ఆనందం పట్టలేక మా ఊరు నాతవరానికి ఫోన్ చేశాను. "అమ్మా, పర్మినెంట్ సేసేశారే! అందరూ బేగి వచ్చి సూడండి!"

ముసురు పట్టిన రోజు. రెండు షేర్ ఆటోల్లో పద్నాలుగు మంది తడిసి ముద్దయి దిగారు. మా సార్ వైజాగ్ వెళ్ళారు. తలుపు నేనే తీశాను. గొప్పగా బొమ్మలు చూపిస్తుండగా కరెంటు పోయింది. తేమ లాగే మిషను ఆగిపోయింది.

బ్యాటరీతో నడిచే డబ్బాలో మాత్రం అంకె పెరుగుతోంది. అరవై ఒకటి. అరవై మూడు. తడి చీరలు, తడి తువ్వాళ్ళు, ఇంతమంది ఊపిరి. అరవై ఆరు. బొమ్మ అంచున నీలం రంగు సన్నగా పైకి లేస్తోంది. పొలం పని మానుకుని నా కోసం వచ్చినవాళ్ళను పొమ్మని ఎలా అనను?

"అమ్మా, మన తడికి బొమ్మ పాడైపోతంది. అందరూ బయటికెళ్ళాలి."

"వానలోకా? మీ నానమ్మని కూడానా? అప్పుడే కలెక్టరమ్మవైపోనావేటే?" అంది అమ్మ.

నాన్న మాత్రం డబ్బాను తేరిపార చూశాడు.

"ఇది తేమ సూసే మిషనే కదమ్మా? మన వడ్లు ఎనక్కి పంపింది ఇలాటిదే."

పోయినేడు కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని ఆయన వడ్లను రెండుసార్లు తిప్పి పంపారు.

"ఎంతదాకా ఒప్పుకుంటాది?"

"అరవై నానా."

"అరవయ్యా! మన వడ్లకి పదిహేడు దాటితేనే ఒప్పుకోలేదు కదే!" అంటూనే నానమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "పదండర్రా. దీంతో దెబ్బలాడి గెలవలేం. నాను సూశాను."

అందరినీ వరండాలోకి నడిపించాడు. వాళ్ళ మీద జల్లు కొడుతూనే ఉంది. తలుపు బిగించి, నేను ఆ అంకె ముందే నిలబడ్డాను. తగ్గదు. ఎంతసేపటికీ తగ్గదు. కరెంటు వచ్చాక కూడా అరవై రెండు దగ్గర పట్టుకుని కూర్చుంది. ఆ రోజు పుస్తకంలో "అరవై ఆరు. మా ఇంటివాళ్ళు. పిలిచింది నేనే" అని రాశాను.

చివరికి యాభై తొమ్మిది. కాగితం మీద పెద్దగా రాసి కిటికీ అద్దానికి ఆనించాను. నాన్న చదివి వెనక్కి తిరిగి అరిచాడు.

"పాసైపోనాదర్రా!"

వరండా అంతా నవ్వులు. బొమ్మ కింద దొరికిన గోరంత నీలం పెచ్చు ఇంకో కాగితం మడతలో ఉంది. దాని సంగతి ముందు సార్‌కి చెప్పాలి. నాన్నకి ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.