బొత్తాలక్క ఒంటి మీది రెండు గాట్లు

మా మేడమీది వాటాలో ఉండే ఆమెను వీధంతా బొత్తాలక్క అంటుంది. ముప్పై ఏళ్ళుగా కార్ఖానా చొక్కాలకు బొత్తాలు కుడుతోంది. పిల్లలు పుట్టలేదని భర్త రెండేళ్ళకే వదిలేశాడు. అంతకు మించి ఆమె చెప్పదు. అడగకుండా ఉండడం నాకు చేతకాదు.

మొన్న ఆమె అక్క కూతురికి స్కానింగులు, రక్తపరీక్షలు చేశారు. పద్దెనిమిది నిండినా పిల్ల పెద్దమనిషి కాలేదు. తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. క్రోమోజోములు మగవాళ్ళకుండేవే, కానీ మగ హార్మోన్ మాట ఒళ్ళు వినలేదు. అందుకే ఆడపిల్లగా పెరిగింది. గర్భసంచి లేదు, లోపల వృషణాలున్నాయి.

“ముందుముందు క్యాన్సర్ రావచ్చని కొందరు తీయించుకుంటారు, ఆగనూవచ్చు. నువ్వే చెప్పాలమ్మా. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?”

“ఎవరికీ లేదండీ. ఆగడమేంటి, తీసేయండి!” అంది తల్లి. పిల్ల గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

గురువారం ఆపరేషన్ అన్నారు. అప్పటినుంచి నా కాళ్ళు ఒకచోట నిలవలేదు. నిరుడు బొత్తాలక్క మణికట్టు రెండోసారి విరిగినప్పుడు స్నానం చేయించింది నేనే. గజ్జల్లో రెండు పక్కలా రెండు పాత గాట్లు చూశాను.

బుధవారం సాయంత్రం మేడెక్కాను. దిగాను. మళ్ళీ ఎక్కాను.

“ఏంటి వదినా, మెట్లు అరగదీస్తున్నావు?”

“ఆ గాట్లేంటే?”

సూది ఆగింది. “పదహారేళ్ళప్పుడు హెర్నియా అని కోశారు. లోపల ఏదో తీసేశారట. అమ్మ నోరెత్తొద్దంది.”

“మరి నెలసరి?”

“ఎన్నడూ లేదు. చాలా? వీధికి పంచడానికి ఇంకేమైనా కావాలా?”

“వీధికి కాదే, డాక్టరుకి. రేపు పిల్లను కోస్తారు.”

ఆమె కుట్టిన బొత్తాన్నే ఊడదీసి మళ్ళీ కుట్టింది.

మర్నాడు ఆసుపత్రిలో గుమ్మానికీ బెంచీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. సంతకం పెట్టడానికి పిల్ల కలం అందుకుంది. అప్పుడొచ్చింది బొత్తాలక్క, ఆయాసపడుతూ.

“నాదీ ఇదే కథ డాక్టరమ్మా.”

“నువ్వూరుకోవే!” అంది అక్క.

“నలభై ఏళ్ళు ఊరుకున్నాగా!”

డాక్టరమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్ళి గాట్లూ, వంకర మణికట్టూ చూసొచ్చింది. “తీసేశాక హార్మోన్ మాత్రలు ఇచ్చారా?”

“మాత్రలా? మాటే చెప్పలేదు.”

“ఒంట్లో హార్మోన్ లేకే ఎముకలు గుల్లబారి విరిగి ఉంటాయి.” పిల్లవైపు తిరిగింది. “క్యాన్సర్ భయం ఈ వయసులో తక్కువే. ఏటా చూపించుకుంటూ ఆగొచ్చు. తీయించుకుంటే మాత్రం మందులు మానకూడదు.”

పిల్ల పిన్ని మణికట్టు పట్టుకుంది. ఎముక వంకరగా అతికిన చోట వేలితో తడిమింది. కలానికి మూత పెట్టేసింది.

“ఇవాళ వద్దు. నాకు ఇంకా అడగాల్సినవి ఉన్నాయి.”

బొత్తాలక్కకు ఎముకల పరీక్ష రాశారు. తను ఆ చీటీ నా చేతిలో పెట్టింది.

“పద వదినా, ఆ గది ఎక్కడో నలుగురినీ అడుగు. నీకు అలవాటేగా!”