కదలకండి గారి స్టాండు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. వీధి వీధంతా ఆయన్ని కదలకండి గారనే అంటుంది. స్టూడియో తెరిచిన రోజు నుంచీ కెమెరా ముందు కూర్చున్న ప్రతి మనిషితోనూ "కదలకండి, ఊపిరి బిగబట్టండి, ఆఁ, అయిపోయింది" అంటూ వచ్చిన పుణ్యానికి దక్కిన బిరుదది. అలా పిలిచినా నొచ్చుకోడు, పలుకుతాడు. లోకంలో సగం చిక్కులు మనుషులు ఓ చోట కుదురుగా కూర్చోలేకపోవడం వల్లే వస్తున్నాయని ఆయన గట్టి నమ్మకం. మనం నవ్వుకోవచ్చు గానీ, ఆయన చేతి మీదుగా వచ్చిన ఫొటోలో మసక అన్నది వెతికినా దొరకదు.

కింద స్టూడియో, పైన ఇల్లు, ఆ పైన డాబా. స్టూడియో ముందు గదిలో బల్ల దగ్గర ఆయన భార్య కూర్చుంటుంది. ఫొటోలు కత్తిరించేదీ, కవర్లో పెట్టేదీ, వచ్చినవాళ్ళకి దువ్వెన అందించి "జుట్టు కాస్త సరిచేసుకోండి" అని చెప్పేదీ ఆవిడే. లోపలి గదిలో నీలం తెర, రెండు దీపాలు, ఓ స్టూలు, మూడు కాళ్ళ చెక్క స్టాండు మీద కెమెరా ఉంటాయి. ఆ స్టాండంటే ఆయనకి ప్రాణం. కొత్త కెమెరాలు వచ్చి పాతవి ఎన్ని అటకెక్కినా, స్టాండు మాత్రం ఉన్నచోటే ఉంది.

దీనికి తోడు ఆయనకి ఆకాశం పిచ్చి పట్టింది. చిన్నా చితకా పిచ్చి కాదు. పెద్ద పళ్ళెమంత గాజు దిమ్మలు రెండు తెచ్చి, మధ్యలో రాపిడి పొడి వేసి, భోజనాల బల్ల మీద ఏళ్ళ తరబడి అరగదీసి టెలిస్కోపు అద్దం తనే తయారుచేసుకున్నాడు. ఆ ఏళ్ళన్నీ ఆవిడ కంచం ఒళ్ళో పెట్టుకుని తింది. గరగర చప్పుడుకి చెవులు చిల్లులు పడుతున్నా "ఎప్పటికి అవుతుందండీ?" అని తప్ప మరో మాట అనలేదు. అద్దం బిగించిన గొట్టం ఎంత లావంటే, ఆవిడ తమ్ముడు అందులో తల దూర్చి పాట పాడితే వీధి చివరి దాకా వినబడింది. ఆయన రెండో ఆలోచన లేకుండా కెమెరా స్టాండు లాంటిదే, ఇంకాస్త పెద్దది చేయించి దాని మీదికి ఎక్కించాడు. ఫొటోగ్రాఫరు మరోలా ఎలా ఆలోచిస్తాడు?

మొదటి చూపు భార్యకే అట్టేపెట్టాడు. గొట్టం పక్కనుంచే చూసి శనిగ్రహానికి గురి కుదిర్చి, తను కన్ను పెట్టకుండా ఆవిడని పిలిచాడు. "ఉన్న శని చాలదా, పైనున్నదాన్ని కూడా వెతుక్కోవాలా?" అని నవ్వుతూనే ఆవిడ డాబా ఎక్కింది. గొట్టం పట్టుకుని, కన్ను ఆనించి, కాసేపు చూసి "బాగుందండీ" అంది. ఆ వెంటనే కిందికెళ్ళి పొయ్యి మీద పాలు చూసుకుంది. ఇంతేనా అని ఆయన మనసు చివుక్కుమంది. తర్వాత తను చూశాడు. వలయం చూసి కళ్ళు తుడుచుకుని, ఆవిడ పెద్దగా పొగిడే మనిషి కాదులే అని సర్దిచెప్పుకున్నాడు. అలా చాలా ఏళ్ళే గడిచాయి.

అసలు సంగతి మొన్నామధ్య ఓ సాయంత్రం బయటపడింది. ఫొటో కోసం వచ్చినావిడ ముందు గదిలో ఎదురుచూస్తూ ఊసుపోక అడిగింది. "మీ డాబా మీంచి శనిగ్రహం కనబడుతుందటగా. ఎలా ఉంటుందండీ?"

లోపల దీపం సర్దుతున్న ఆయన చెవులు రిక్కించాడు.

"బాగుంటుంది. కాకపోతే పాపం, ఒకటే వణుకు," అంది భార్య, కత్తెర ఆపకుండానే. "అంత దూరంలో చలి కదండీ మరి."

దీపం చేతిలోంచి జారబోయింది. వచ్చినావిడ ఫొటో కవరు అందుకుని అలా గడప దాటిందో లేదో ఆయన ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"వణుకుతుందా?"

"ఎప్పుడు చూసినా వణుకుతూనే ఉంటుందిగా. మీకు తెలియందేముంది?"

"మరి వలయం?"

"వలయమా? నాకైతే ఓ తెల్లటి చుక్క గిలగిల్లాడుతూ కనబడేది. వలయం అంటే అదే కాబోలు అనుకున్నా."

"మరి బాగుందన్నావుగా!"

"అన్నేళ్ళు అరగదీశారు. బాగాలేదనడానికి నోరెలా వస్తుందండీ?"

ఆయన వెళ్ళి నీలం తెర ముందు స్టూలు మీద చతికిలబడ్డాడు. ఇంకొకరైతే నవ్వేసేవారేమో. ఆయనకి మాత్రం గుండెలో కలుక్కుమంది. బల్ల వదులుకున్న మనిషి, చప్పుడు భరించిన మనిషి ఇంతవరకూ చూడనేలేదు. ఇన్నేళ్ళూ తనొక్కడే చూసి, ఇద్దరం చూశామనుకుని మురిసిపోయాడు.

బావమరిదిని పిలిచి నిలదీశాడు. ఇనుప గేట్లు చేసే మనిషి, గొంతు పెద్దది, మనసూ పెద్దదే. "తిట్టనంటే నిజం చెప్తా బావా," అన్నాడు. "నాకు రెండు శనులు కనబడ్డాయి. కొందరికి రెండు ఉంటాయేమో అనుకుని అద్భుతం అనేశా."

ఇద్దరూ డాబా ఎక్కారు. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మెడ మాత్రం వంచి, ఊపిరి బిగబట్టి చూశాడు. వలయం నిక్షేపంలా ఉంది. బావమరిది వచ్చి, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు గొట్టం పట్టుకుని బరువంతా దాని మీద ఆనించాడు. మూడు కాళ్ళూ ఒక్కసారి జలదరించాయి. ఇన్నేళ్ళుగా ఆయన పప్పులో కాలేసింది అక్కడే. జన్మంతా ఊపిరి బిగబట్టడం అలవాటైన మనిషికి తన స్టాండు ఊగుతుందని తెలిసే దారే లేదు.

"దాన్ని ముట్టుకోకు. ఊపిరి వదలకు. కదలకు," అన్నాడు.

"ఇలా చూడాలంటే ప్రాణం పోయాకే కుదురుతుంది బావా," అన్నాడు బావమరిది.

స్టాండు మార్చాల్సిందేనని తేలిపోయింది. వ్యవధి చూస్తే ఎక్కువ లేదు. శనిగ్రహం రోజురోజుకీ పడమటికి దిగుతోంది. ఇంకొన్నాళ్ళకి ఎదురింటి నీళ్ళ ట్యాంకు చాటుకి, ఆ తర్వాత సూర్యుడి వెలుగులోకి పోతుంది. మళ్ళీ బయటికొచ్చేసరికి వలయం పక్కకి తిరిగి, కాగితాన్ని అంచు వైపు నుంచి చూసినట్టు సన్నగీత అయిపోతుంది. అది నిండుగా విచ్చుకోవాలంటే ఏళ్ళు పడుతుంది. పైగా భార్య ముందే చెప్పేసింది. "నా మోకాళ్ళ సంగతి తెలుసుగా. మీ కోసం ఇంకొక్కసారి ఎక్కుతా. ఆ తర్వాత నన్ను డాబా ఎక్కమని అడగొద్దు."

బీరువాలు చేసే మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ గొట్టం చుట్టూ ఓసారి తిరిగి, గడ్డం గోక్కుని అన్నాడు. "కన్ను పెట్టేది పై చివరేగా సార్. మరి కింది చివర నేలకి దగ్గరగా ఉంటే మీకు పోయిందేముంది? గట్టి చెక్కపెట్టె ఒకటి చేసి అందులో కూర్చోబెట్టేద్దాం. పెట్టె తిప్పితే గొట్టం తిరుగుతుంది."

ఆయన అంతెత్తున లేచాడు. "కాళ్ళు లేని స్టాండు కూడా ఓ స్టాండేనా? నేనడిగింది టెలిస్కోపుకయ్యా, దుప్పట్లు పెట్టుకోడానికి కాదు!"

"మీ ఇష్టం సార్," అని మేస్త్రీ వెళ్ళిపోయాడు.

అప్పుడు బావమరిది రంగంలోకి దిగాడు. "నాకొదిలెయ్ బావా. ఏనుగెక్కినా చెక్కు చెదరనిది చేస్తా." చేశాడు కూడా. లావాటి గొట్టాలతో మూడు ఇనుప కాళ్ళు, మధ్యలో అడ్డపట్టీలు, చూడ్డానికి దివ్యంగా ఉంది. దాన్ని డాబా మీదికి మోసేసరికి నలుగురి నడుములు విరిగాయి, మెట్ల అంచు ఒకటి ఊడింది. గొట్టం ఎక్కించి, ఆయన కన్ను పెట్టి, వేలితో చిన్నగా తట్టి చూశాడు. బరువు మోయడంలో దానికి వంక పెట్టేందుకు లేదు. కానీ తట్టిన చోటి నుంచి సన్నటి వణుకు బయల్దేరి, గేటు దడాలున మూశాక చువ్వలు ఊగినట్టు ఎంతకీ ఆగలేదు. బావమరిది మొహం చిన్నబోయింది. ఆయన భార్య మాత్రం ఆ స్టాండుకి తాడు కట్టించి, ఆయన చేతే బట్టలు ఆరేయిస్తోంది. దుప్పట్లకి అంత గట్టి ఆధారం వీధిలో ఇంకెవరికీ లేదు.

శనిగ్రహం ట్యాంకుకి దగ్గరపడుతోంది. ఆయనకి తిండి సయించడం మానేసింది. అలాంటి రోజున పక్కవీధి ఆసుపత్రి వాళ్ళు గ్రూపు ఫొటోకి దిగబడ్డారు. నీలం తెర ముందు కిక్కిరిసి నిలబడ్డారు. వెనక వరుసలో ఓ పొడుగాటాయన గడ్డిపరకలా ఊగుతున్నాడు. కదలకండి గారి మనసు ఎక్కడో ఉంది గానీ నోరు తన పని తాను చేసుకుపోయింది. "ఇదిగో, పొడుగాయనా! నిలబడితే మీరు ఊగుతారు. ముందుకొచ్చి నేల మీద కూర్చోండి. ఊగేవాళ్ళని ఎప్పుడూ నేనిలా కిందే కూర్చోబెడతాను."

పొడుగాయన వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రాయిలా కుదురుకున్నాడు.

"కదలకండి, ఊపిరి బిగబట్టండి," అన్న కదలకండి గారు తనే కొయ్యబారిపోయాడు. కెమెరా వెనక గుడ్లప్పగించి ఆ పొడుగాయన్నే చూస్తున్నాడు. ఒక్కొక్కరి మొహమూ ఎర్రబడుతోంది. ముందు గదిలోంచి భార్య తొంగిచూసింది.

"ఏవండీ, వాళ్ళు ఊపిరి వదలొచ్చా?"

టక్కుమని ఫొటో తీసి, "అయిపోయింది!" అని కేకేసి, భుజం మీది తుడుపుగుడ్డతోనే మేస్త్రీ కొట్టుకి పరుగెత్తాడు.

"ఏం సార్, కాళ్ళు లేనిది కావాల్సొచ్చిందా?" అన్నాడు మేస్త్రీ. నవ్వు దాచుకోవాలని పాపం అతనికీ ఉంది గానీ దాగలేదు.

మందపాటి చెక్కతో వెడల్పాటి పెట్టె తయారైంది. గొట్టానికి రెండు పక్కలా రెండు గుండ్రటి పలకలు బిగించారు. అవి పెట్టె అంచుల్లో చెక్కిన గుంటల్లో కూర్చుని, గొట్టాన్ని పైకీ కిందికీ వంచనిస్తాయి. పెట్టె అడుగున ఇంకో చెక్క ఉంది, దాని మీద పెట్టె గుండ్రంగా తిరుగుతుంది. మేస్త్రీ మొదట మధ్యలో మంచాలకి వేసే చక్రాలు పెట్టాడు. గాలి వీస్తే చాలు, టెలిస్కోపు తనంతట తనే ఊరు చూడ్డానికి బయల్దేరింది. చక్రాలు పీకేసి చెక్క మీద చెక్క పెడితే ససేమిరా కదలనంది, గట్టిగా నెడితే ఎగిరి దూకింది. నెడితే మెత్తగా జరగాలి, చెయ్యి తీస్తే అక్కడే ఆగాలి. దేన్ని పెడితే అలా జరుగుతుందా అని ఇద్దరూ ఇల్లంతా గాలించారు.

మర్నాడు వంటింట్లోంచి కేక వినబడింది. "నేను కూరలు తరిగే ప్లాస్టిక్ పలక ఏదండీ?"

"శనిగ్రహం దగ్గరుంది," అన్నాడు ఆయన, నీళ్ళు నములుతూ.

దాన్ని మూడు ముక్కలు చేసి పెట్టె కింద అతికించేశారు. నున్నటి గట్టి ప్లాస్టిక్ కదా, సరిగ్గా కావలసినంతే జారింది. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్నీ మేస్త్రీనీ మార్చి మార్చి చూసింది. "బల్ల అయింది, పలక అయింది. ఇక నన్నే కోసి అతికించండి," అంది.

పొద్దు గుంకిన కాసేపటికి, శనిగ్రహం ట్యాంకు పైన ఇంకా జానెడు ఎత్తులో ఉండగా, ఆవిడ డాబా ఎక్కింది. మెట్టు మెట్టుకీ ఆగి మోకాళ్ళని, ఆయన్ని, శనిని వరసపెట్టి తిట్టింది. కింద పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని, ఎంతోసేపు ఉండలేనని ముందే చెప్పింది. ఆయన నాలుక చివరిదాకా వచ్చిన "ముట్టుకోకు" అన్న మాటని మింగేశాడు.

ఆవిడ అలవాటు ప్రకారం గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, బరువంతా ఆనించి, కన్ను పెట్టింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "బాగుందండీ" అన్న మాట కోసం భయపడుతూ ఎదురుచూశాడు.

ఆ మాట రాలేదు.

"ఇదేంటండీ," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఇందులో బొమ్మేమన్నా అతికించారా?"

"లేదే! ఏం కనబడుతోంది?"

"చిన్న గోళీ. దాని చుట్టూ గాజు తొడిగినట్టుంది. గాజుకీ దానికీ మధ్య నల్లటి సందు కూడా తెలుస్తోంది. అయ్యో, అయ్యో, పక్కకి జరిగిపోతోంది!"

"భూమి తిరుగుతోందిగా మరి. వేలితో కాస్త నెట్టు."

నెట్టింది. గోళీ తిరిగి మధ్యకొచ్చి, చెప్పినట్టు ఆగింది. ఆవిడ చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని ఆయన కళ్ళు నిండిపోయాయి.

"వణకట్లేదండీ," అంది. "అస్సలు వణకట్లేదు. ఇన్నేళ్ళూ దీనికి చలేస్తోందని ఊరికే జాలిపడ్డాను."

ఆయనకి ఒక్కచోట నిలబడాలంటే వల్లకావట్లేదు. ఇటో అడుగు, అటో అడుగు వేస్తున్నాడు. ఓసారి తనూ చూద్దామని ఉంది, ఆవిడ భుజం తట్టాలని ఉంది, పరుగెత్తి బావమరిదికీ మేస్త్రీకీ చెప్పాలని ఉంది. ఇంతలో మెట్ల మీదుగా మాడు వాసన వచ్చింది.

"పాలు మాడుతున్నాయి! నేను దించొస్తానుండు," అని కదలబోయాడు.

ఆవిడ కన్ను తీయకుండానే చెయ్యి వెనక్కి చాచి ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

"కదలకండి," అంది.

కదలకండి గారు ఉన్నచోటే ఆగి, ఊపిరి బిగబట్టాడు.