ఒకే ఇసుకకు రెండు సగటులు

దయ్యాలు, శకునాలు, మహిమలు: వీటిలో వేటినీ నేను ఏనాడూ నమ్మలేదు. మాది అనకాపల్లిలో ప్రార్థన తప్పని క్రైస్తవ కుటుంబమే అయినా, అద్భుతాలన్నీ బైబిలు కాలంతోనే ముగిశాయని నా అభిప్రాయం. ఒకే డేటాకు ఒకే సూత్రం వర్తింపజేస్తే ఒకే జవాబు రావాలి. అంతకు మించిన భరోసా నాకెప్పుడూ అవసరం కాలేదు.

2008 వేసవిలో పటాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. అచ్యుతాపురం దిగువ సముద్రతీరాన్ని విమానం నుంచి లైడార్‌తో కొలిచిన డేటా మా దగ్గరికి వచ్చింది. ఆ పరికరం నేల మీదికి లేజరు కిరణాలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్నిబట్టి ఎత్తులు కొలుస్తుంది. ప్రతి బిందువుకూ ఎత్తుతో పాటు, కిరణం ఎంత బలంగా తిరిగొచ్చిందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. దాన్ని తీవ్రత అంటాం. పొడి ఇసుక మీద ఎక్కువ, తడి నేల మీద తక్కువ. నేలను గడులుగా విభజించి, ఒక్కో గడికి సగటు తీవ్రత కట్టడం నా పని.

నా పక్క బల్ల అప్పలరాజుది. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనే పిలిచేవాడు. అతని అత్తవారిది ఆ తీరంలోని మత్స్యకారుల పల్లె. ఆ ఏడు ఊరిలోని ఒక్కగానొక్క బావి ఉప్పెక్కింది. కొత్తగా తవ్విన గోతుల్లోనూ ఉప్పునీరే. మంచినీళ్లు దొరక్కపోతే ఇళ్లు వదిలి తీరానికి దూరంగా లోపలి ఊళ్లకు తరలిపోవాలని పెద్దలు నిశ్చయించారు.

ఆ పల్లె వెనుక ఇసుకలో గడుల సగటు నూట నలభైకి అటూఇటూగా ఉండగా, ఒక్క గడి మాత్రం అరవై ఒకటి చూపింది. తెర మీద నల్లని చుక్క. ముందు నన్ను నేనే అనుమానించాను. విమానం ఎగిరిన రెండు వరుసలు ఒకదానిపై ఒకటి పడిన చోట బిందువులన్నీ కలిపేస్తే సగటు చెడుతుంది. అందుకని వరుసలను విడదీశాను. పడవల మీద, వలల మీద పడిన బిందువులను తొలగించాను. దూరం పెరిగేకొద్దీ కిరణం బలం తగ్గుతుంది గనుక దానికీ సవరణ చేశాను. రెండు వరుసలూ విడివిడిగా అరవై ఒకటే ఇచ్చాయి. అప్పలరాజు తన కంప్యూటర్లో కట్టాడు. అతనికీ అంతే.

“అయితే అక్కడ తడుందంటావేటి బావా?”

“లెక్క ప్రకారం ఉండాలి.”

“మా అత్తకి సెప్పి సూత్తాను. ఇమానం సెప్పిందంటే నవ్వుతాది గానీ.”

ఆదివారం ఆరాధన కాగానే పటం ముద్రించి తీసుకువెళ్లాం. గుర్తించిన చోట ఇసుక మిగతా ఇసుకలాగే కాళ్లు కాల్చింది. లైడార్ ఇసుక లోపలికి చూడలేదు. పైన తడి లేనిదే ఆ అంకె రాకూడదు. నేను వెనక్కి తగ్గబోయాను. అప్పలరాజు అత్తగారు నూకాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని మమ్మల్నిద్దరినీ చూసింది.

“తవ్విందల్లా ఉప్పే. ఇది కూడా తవ్వి, ఆవకాయెట్టుకోమంటావేటి బాబూ?”

“ఒక్కపాలి సూడత్తా. మా బావ లెక్క తప్పడు,” అన్నాడు అప్పలరాజు.

“తప్పితే అచ్యుతాపురం నుంచి నీళ్లు మీ బావే మొయ్యాల.”

నవ్వుకుంటూనే మగవాళ్లు పలుగులు అందుకున్నారు. మనిషి లోతు దాటాక కాల్చిన మట్టి వర తగిలింది. దాని కింద మరొకటి. ఎప్పుడో పూడిపోయిన బావి. దాని సంగతి ఊళ్లో ఎవరూ విని ఉండలేదు. వరల మధ్య నీరు ఊరసాగింది. నూకాలమ్మ దోసిలితో తాగి చూసింది. ఉప్పు తగల్లేదేమో, మళ్లీ దోసిలి పట్టింది.

“బిందెలు అట్టుకు రమ్మని సెప్పండి,” అంది చివరికి.

ఇంతవరకూ అదృష్టమనే అనుకోవచ్చు. మర్నాడు నివేదికలో చేర్చుదామని అదే గడిని మళ్లీ తెరిచాను. నల్లని చుక్క లేదు. సగటు నూట ముప్పై తొమ్మిది. డేటా వచ్చిన అసలు డిస్కు మీద ఎవరూ ఏమీ మార్చి రాయలేరు. దాని నుంచే మళ్లీ ఎక్కించి కట్టాను. అదే జవాబు. అప్పలరాజు కట్టినా అదే. బిందువులు ఒక్కటీ తగ్గలేదు, ఒక్కటీ పెరగలేదు. ముద్రించిన పటంలో మాత్రం చుక్క నల్లగానే ఉంది.

“గంగమ్మ తల్లి సూపించీసి తుడిసీసుకుంది. ఇంక కెలక్కు బావా,” అన్నాడతను.

నేను కెలుకుతూనే ఉన్నాను. ప్రోగ్రాములో లోపమైతే రెండు కంప్యూటర్లలో ఒకే తప్పు రావచ్చు. కానీ తప్పుడు లెక్క సరిగ్గా బావి మీదే ఎందుకు పడాలి?

పల్లె కదలలేదు. ఆ బావి నీళ్లే ఇప్పటికీ తోడుకుంటున్నారు. నా డైరీలో రెండు సగటులూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒప్పు కావడానికి వీల్లేదు గనుక ఒకదాన్ని కొట్టివేయాలని ఎన్నోసార్లు కలం పట్టుకున్నాను. ఏది కొట్టాలో ఈనాటికీ తేలలేదు.