పాము కింది ఇసుక

నేను బడికి పోయింది రెండేళ్లే. మిగతా చదువంతా రాయచోటి దగ్గర మా అవ్వ బొరుగుల బట్టీలోనే. బొరుగులు పేలేది ఉత్త మంట మీద కాదు, కాగిన ఇసుకలో. ఆ ఇసుకను మన్ను పోయేదాకా కడగాలి, నలుసు లేకుండా జల్లించాలి, ఆరబెట్టి బాణలిలో కాచాలి. దించి ఆరబోసిన ఇసుక దగ్గరికి మేం పోతే చాలు, అవ్వ కేకేసేది.

"పైన సేయి పెట్టి సల్లగుందనుకోవాకు పాపా. మోసేతి దాకా దించి సూడు. ఇసక యేడిని కడుపులో దాసుకుంటాది."

ఈ చదువు కువైట్‌లో ఒక పాముకు పక్క వేయడానికి పనికొస్తుందని ఎవరనుకుంటారు?

ఎనభైల మొదట్లో ఫింటాస్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరాను. ఇంటామెను మామా అని, ఆయనను బాబా అని పిలిచేవాళ్లం. బాబా ఏదో దేశం నుంచి ఒక పామును తెచ్చుకున్నాడు. కొండచిలువ జాతిది, రోకలంత లావు. విషం లేదన్నారు గానీ నేను మాత్రం దాన్ని ముట్టుకోనని ముందే చెప్పేశాను. మగవాళ్లు వచ్చి కూర్చునే ముందు గదిలో గాజు పెట్టె చేయించి అందులో ఉంచాడు. చలికాలం వెచ్చగా ఉండాలని పెట్టె కింద ఒక మూల బల్బు బిగించాడు.

పామును ఎత్తడం, దించడం, మేత వేయడం, పొద్దున్నే బల్బు ఆర్పడం, పొద్దుగూకగానే వేయడం డ్రైవరు పని. పెట్టెలో పక్క మార్చడం నా పని. డ్రైవరు కడప సాయిబు. నన్ను చెల్లే అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఊళ్లో ఇంటికి గోడలు లేపి, కప్పు వేయకుండానే విమానమెక్కి వచ్చాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఆ గోడల పక్కనే రేకుల పంచలో ఉన్నారు.

మొదట నేను పాత పేపర్లు పరిచాను. సులువు, మురికైతే చుట్టి పారేయొచ్చు. మామా చూసి నెత్తిన కొట్టుకుంది, అరబ్బీలో అరిచింది. నాకొక్క ముక్క అర్థం కాలేదు.

"పేపర్లో అల్లా పేరు ఉంటాది చెల్లే. దాని మీద పాము దొడ్డికి కూసుంటే ఊరుకుంటారా?" అన్నాడు డ్రైవరు. తరువాత నవ్వాడు. "నీకు సదువు రాదు, పాముకూ రాదు. మామాకు వస్తాది గదా, అదీ తంటా!"

ఆ తరువాత షువైఖ్ వడ్రంగి షాపుల నుంచి రెండు సంచుల రంపపు పొట్టు తెచ్చాడు. ఒకటి తెల్లది, ఏ వాసనా లేనిది. ఇంకోటి ఎర్రది, మూతి విప్పగానే గదంతా గుప్పుమంది. పాము కంపు పోతుంది, మామా సంతోషిస్తుంది అని నేను ఎర్రదే ఎంచుకున్నాను. నాలుగో రోజుకు పాము తల పైకెత్తి, నోరు తెరిచి, గురగురమని ఊపిరి పీలుస్తోంది. పాముల సంగతి తెలిసినాయన ఎవరో వచ్చి ఆ సంచి వాసన చూసి, వాసన కొయ్య పొట్టు పాముల ఊపిరికి చేటు అన్నాడట. బాబా ఇక ఏ పొట్టునూ నమ్మలేదు. మా ఇద్దరినీ నిలబెట్టాడు. ఇది చచ్చిందా, ఎవరి తప్పయితే వాళ్లు విమానం ఎక్కుతారు, ఖలాస్, అన్నాడు.

అప్పుడు ఇసుక వేద్దామన్నది నేనే.

డ్రైవరు సముద్రం ఒడ్డు నుంచి ఒక బస్తా తెచ్చాడు. నాలిక మీద వేసుకుంటే ఉప్పు. లోపల గవ్వ ముక్కలు, తారు ఉండలు. పారబోయమన్నాను.

"పాముకు ఇసక ఏరేదానికి నీయంత ఇంజినీరు షుఐబా ఆయిలు ఫ్యాక్టరీలో గూడా ల్యాడు తల్లీ!" అని సణుక్కుంటూ ఎడారి దారిన పోయి ఇంకో బస్తా తెచ్చాడు.

దుమ్ము పాము ముక్కుల్లోకి పోకుండా సన్న జల్లెడ పట్టాను. కడుపు కోసుకోకుండా గరుకు రాళ్లు ఏరాను. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను. మిద్దె మీద ఆరబెట్టి, పురుగూ గుడ్డూ చావాలని నెయ్యి డబ్బాను సగానికి కోసి అందులో కాచాను. చల్లారినాక మోచేతి దాకా దించి చూసి అప్పుడు పెట్టెలో పోశాను. పాము తేరుకుంది. దూరి పడుకోవడం దానికి మహా ఇష్టం. ఏడాది పైగా అట్లా గడిచింది. బాబా వచ్చినవాళ్లకు నన్ను చూపించి ఏదో చెప్పేవాడు. నాకు గర్వంగా ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి?

ఒక శుక్రవారం మధ్యాహ్నం. ఇంకో గంటలో చుట్టాలొస్తారు. పాము పెట్టె పాడుచేసుకుంది. బాబా గుమ్మంలో నిలబడి యల్లా, యల్లా అని తొందరపెడుతున్నాడు. అప్పుడే కాచి దించిన ఇసుకను పళ్లెంలో పరిచి అట్టముక్కతో విసిరాను. పైన అరచేయి పెట్టాను. చల్లగానే ఉంది. చేయి దించలేదు. పెట్టెలో పోశాను. కింద బల్బు ఆరిపోయి ఉంది. నా కళ్లతో చూశాను.

"ఇసక సల్లారిందా చెల్లే?"

"సల్లారింది, ఏసేయ్ అన్నా."

పామును దించి మూత బిగించాడు. అది ఎప్పటిలాగే తల దూర్చింది. మేమిద్దరం టీ కప్పుల పనిలో పడ్డాం.

చుట్టాలు గదిలోకి పోయేసరికి పాము గాజుకు కొట్టుకుంటోంది. కడుపు పొలుసులు ఉడికిన గడ్డ తొక్కలా ఊడుతున్నాయి. డ్రైవరు పరిగెత్తుకొచ్చి పామును ఎత్తాడు. ఆ గాభరాలో ఇంకో చేత్తో బల్బు స్విచ్చు నొక్కాడు, మళ్లీ నొక్కాడు. అది అంతకుముందు వెలుగుతూ ఉందో లేదో చూసినవాళ్లు లేరు, నేను తప్ప. ఇసుక తీసేయమన్నారు. మోచేతి దాకా చేయి దించాను. అడుగున బట్టీలో ఉన్నట్టే ఉంది. చేయి వెనక్కి లాక్కుని, ఎవరూ ముట్టుకోకముందే మిద్దె మీదికి మోసి పలచగా ఆరబోశాను.

రాత్రి వేసిన బల్బు పొద్దున ఆర్పలేదు, దాని వల్లే కాలిందని బాబా తేల్చేశాడు. పాము ఆరు రోజులు బతికింది. ఆ ఆరు రోజులూ డ్రైవరు కారు తుడుస్తూ ఆగిపోయేవాడు, తనలో తాను లెక్కపెట్టుకున్నట్టు పెదాలు కదిపేవాడు. పొద్దున లేచినాను, మొహం కడుక్కున్నాను, బల్బు దగ్గరికి పోయినాను... అక్కడికి వచ్చి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఏ రోజైనా నేను నోరు తెరవొచ్చు. తెరవలేదు.

ఏడో రోజు పాము చచ్చింది. మరుసటి వారం డ్రైవరు ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, రద్దు చేశారు. బట్టలు సర్దుకుని వంటగది గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"చెల్లే, ఒక మాట గుర్తు చేసుకోమ్మా. ఇసక పోసేటప్పుడు నువ్వు కింద సూసినావా? బల్బు ఆర్పి ఉన్నానా, ల్యాదా?"

"గుర్తుల్యాదన్నా."

"ల్యాదులే. నేనే మర్సిపోయింటా. మనసు ఎప్పుడూ ఆ ఇంటి కప్పు మీదనే ఉంటాది." ఆగి, నా చేతుల వైపు చూశాడు. "నీ ఇసక దానికి బాగా పడింది చెల్లే. నా వల్లనే పాయె."

ఆ ఇంట్లో ఇంకా ఏడేళ్లు పనిచేశాను. బాబా మళ్లీ పామును తేలేదు. గాజు పెట్టెను మాత్రం తీసేయలేదు. శుక్రవారం శుక్రవారం దాన్ని తుడిచే పని నాదే. లోపల తుడిచేదాన్ని, బయట తుడిచేదాన్ని. కింద బల్బు మీద దుమ్ము గడ్డకట్టింది. అక్కడికి మాత్రం నా చేయి పోలేదు.