చిందీ అని రాసిన డబ్బా

"అక్కా, కంప్యూటర్ల సీ డ్రైవ్ అంటే మగ్గం నిలవడ్డ జాగ అనుకో. ఆడనే నూలు బస్తాలు, నేసిన బట్ట, పీలికలు అన్నీ కుప్పేస్తే మగ్గం యాడ ఆడుతది? నేనూ మొదట్ల గట్లనే చేసిన."

హారతి కుర్చీ వెనక్కి తిప్పుకుని చెబుతుంటే ప్రమీల స్టూలు మీద కూర్చుని వింటోంది. బ్యాంకు ఉద్యోగం మీద సూరత్ వచ్చిన ప్రమీల, గోడాదరాలోని ఈ ఇంటికి ఒక వీడియో కోసం వచ్చింది. హారతి వాళ్ల నాయినమ్మ కొమురవ్వ బతుకమ్మ నాడు పాడిన పాటలవి. ఈ సాయంత్రమే తెలుగువాళ్ల హాల్లో అందరి ముందూ వేయిస్తానని ప్రమీల మాటిచ్చేసింది. అయినా హారతి మాటల్లో పడితే లేవబుద్ధి కాదు.

హారతి తండ్రిది పవర్‌లూమ్ పని. తల్లి ఇంట్లోనే చీరలకి లేసు కుడుతుంది. మార్కెట్లో ఒక చీరల కొట్టుకి ఫోన్లో వీడియోలు తీసిపెడుతూ, వాటిని కత్తిరించడం, అతకడం హారతి తనంతట తానే నేర్చుకుంది. పాత కంప్యూటర్ కొని, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసింది. అక్కణ్ణుంచీ ఒకటే గోల. పని మంచి ఊపులో ఉండగా డిస్క్ నిండిందని మొరాయించేది. ఫొటోలు తీసేసింది. సినిమాలు తీసేసింది. తెల్లారేసరికి మళ్ళీ నిండేది.

"ఎవలు నింపుతుండ్రో సమజ్ గాలె. చూస్తే సాఫ్ట్‌వేరే నింపుతుంది అక్కా! వీడియో ఆగకుంట నడవాల్నని ముక్కలు ముక్కలు ముందుగాల్నే తయారు చేసి దాసుకుంటదట. నాయినమ్మకు చెప్తే, 'ఓస్, గింతేనా? కండెలు సుట్టుకుంటుంది' అన్నది."

కొమురవ్వ చేతులు కండెలు చుట్టీ చుట్టీ అరిగినవి. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె అయిపోయేలోపు ఇంకోటి సిద్ధంగా ఉండాలి, లేకపోతే మగ్గం ఆగుతుంది. అయితే కండె పోయినా మళ్ళీ చుట్టుకోవచ్చు. నూలు పోతేనే నష్టం.

ఆ ఒక్క మాట పట్టుకుని హారతి బయట తగిలించే డ్రైవు డబ్బాలు తెచ్చి, దేనికదే వేరు చేసింది. కెమెరా నుంచి వచ్చిన అసలు వీడియోలూ, వాటి మీద చేసిన కత్తిరింపుల ఫైలూ ఉండే డబ్బాకి 'నూలు' అని పేరు రాసింది. పూర్తయినవి పెట్టేదానికి, నేసి దించిన బట్టలా, 'తాను'. సాఫ్ట్‌వేర్ చుట్టుకునే ముక్కల కోసం వేగంగా నడిచే చిన్న నల్ల డబ్బా ఒకటి తెచ్చి, దాని మీద 'చిందీ' అని రాసింది. సూరత్‌లో గుడ్డపీలికలని అనే మాట అది.

"కండెలు అని రాయొచ్చుగా?" అంది ప్రమీల.

"నడుమనడుమ తుడిచి పారేసేదే గదా అని..." అంటూ హారతి డబ్బా కోసం చెయ్యి చాపింది. బల్ల మీద 'నూలు' ఉంది, 'తాను' ఉంది. మూడోది లేదు.

"నాయినమ్మా! ఈడ నల్ల డబ్బా ఉండాలె?"

"గా డబ్బానా? చిందీ మూటల ఏసిన," అంది కొమురవ్వ గడప దగ్గర్నుంచి. "పొద్దుగాల చిందీవాలా వస్తే మూటతోని ఎత్తిచ్చిన."

"అయ్యో నాయినమ్మా!"

"ఏంది అయ్యో? ముసల్దానికి అచ్చరాలు నేర్పింది నువ్వు. నువ్వు రాసింది నేను సదివిన. సదివినట్టు చేసిన. తప్పెవలది?"

ప్రమీల స్టూలు మీంచి లేచింది. "మరి పాటలు? సాయంత్రం అందరూ వస్తారమ్మా!"

"పోతే పోనియ్. హాల్లకొచ్చి నేనే పాడుత. నాకు నడుమ దగ్గొస్తది, డబ్బాకు రాదు. గంతే ఫరక్."

నవ్వాలో ఏడవాలో తెలియక హారతి 'నూలు' తెరిచింది. పాటలన్నీ ఉన్నాయి, కత్తిరింపులూ ఉన్నాయి. ప్రమీల మళ్ళీ కూర్చునే లోపే తెర మీద ఇంకో గొడవ: దాచుకున్న ముక్కలు కనబడటం లేదు, మళ్ళీ చేసి ఎక్కడ పెట్టుకోమంటావని సాఫ్ట్‌వేర్ అడుగుతోంది. సీ డ్రైవ్‌లో జాగా లేదు. హారతి 'తాను'లో రెండేసి కాపీలున్న పాత చీరల వీడియోలు వెతికి, ఒక్కో కాపీ తీసేసి, అక్కడ పెట్టుకోమని చూపించింది. తెర కింద పచ్చగీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది.

"సుడుతుంది, సుడుతుంది," అంది కొమురవ్వ, తన చెయ్యే తిరుగుతున్నట్టు మణికట్టు ఆడిస్తూ.

గీత చివరికి చేరగానే తెర మీద ఇంకో కొమురవ్వ చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది. ఇంట్లో కొమురవ్వ మూతి విరిచింది.

"గీడ గొంతు గీరుకుంది. తీసెయ్యరాదే?"

"నూలును ముట్ట నాయినమ్మా. అదే మస్తుగుంది."

కాసేపటికి "తాను దిగింది!" అని హారతి పెన్‌డ్రైవ్ ప్రమీల చేతిలో పెట్టింది. ప్రమీల చెప్పులు వేసుకుంటుంటే కొమురవ్వ వెంటే వచ్చి, గొంతు తగ్గించింది.

"బిడ్డా, గల్లీ మలుపుల చిందీవాలా మూటలు జోకుతుంటడు. గా నల్ల డబ్బా జర అడిగి పట్కరా. నేను పోతే, 'ఇచ్చింది వాపస్ గుంజుకుంటవా మాసీ' అని నవ్వుతడు. నువ్వు బ్యాంకుదానివి, నిన్ను చూసి నవ్వడు. ఆఁ, అట్లనే లావుగ రాసే పెన్నొకటి తే. ఈసారి పేరు నేనే రాస్త."