పొట్టుకు కట్టిన గోనెతెర

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను పత్తికొండలో బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలిచే మిల్లులో ఆయిల్ ఇంజను చూసుకునేవాణ్ణి. ఒలిచిన పొట్టును ఫ్యాను గోడ రంధ్రంలోంచి బయటి సందులోకి విసిరికొట్టేది. ఆ దుమ్ము అక్కడి ఇళ్లలో అన్నం కుండల మీద కూడా పేరుకునేది. లోపల గింజలు ఏరే ఆడవాళ్లు కొంగు ముక్కుకు చుట్టుకుని, దగ్గుకుంటూనే పని చేసేవాళ్లు.

పొట్టు మీద నీళ్లు చల్లుదామంటే తాగడానికే నీళ్లు లేవు. అందుకని రంధ్రం బయట గుంజలు పాతి, చిరిగిన గోనెసంచులతో తెర కడదామన్నాను.

"సంచులు తీసుకోండప్పా. మిల్లు మాత్రం నిలపొద్దు" అన్నాడు షావుకారు.

అన్నాల వేళల్లో అందరం కలిసి కుట్టాం. ఏరేవాళ్లలో పెద్దామె, మాట కటువైన మనిషి, అందరికంటే ముందు దబ్బనం పట్టుకుంది. హమాలీలు గుంజలు పాతారు. తెర కట్టిన మరునాడు సందులో ఒకామె వాకిట్లో వడియాలు పెట్టుకుంది. అది చూసి నాకు కడుపు నిండినట్టయింది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. గోనెకు దుమ్ము పట్టేసి, పొట్టు మిల్లులోకే వెనక్కి తన్నింది. రోజూ సాయంత్రం తెర దులపాలి. హమాలీలేమో, మూటలు మోసేదే మా పని అన్నారు. ఆడవాళ్లకు ఇంటికి పోయి పొయ్యి వెలిగించాలనే తొందర. వంతులు వేసి చూశాను, ఎవరూ నిలవలేదు. కొన్నాళ్లు నేనే దులిపాను. ఒకరోజు నేను ఇంజను ఆపి వచ్చేసరికి మిల్లులో పని చేయించే మేస్త్రీ తెరను కత్తితో కోసేస్తున్నాడు.

"ఏంటికప్పా కోస్తాండావు?"

"లోపల ఊపిరాడకుండా ఉండాది. మిల్లు ఆడద్దా?"

ఆ తర్వాత ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. షావుకారు ఆ తెరనే అతుకులు వేయించి మళ్లీ కట్టించాడు. ఇన్‌స్పెక్టరు ఆడవాళ్ల దగ్గర నిలబడి, దుమ్ముతో ఇబ్బందేమన్నా ఉందా అని అడిగాడు. అందరూ తల వంచుకుని గింజలు ఏరుతున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఈ తెర ఈ పొద్దే కట్టినారు సార్" అన్నాను.

"మావోడు శానా ఉషారు" అని షావుకారు నవ్వాడు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వి, టీ తాగి వెళ్లిపోయాడు. పొద్దు గుంకకముందే తెర విప్పేశారు.

ఇంటికి బయలుదేరిన పెద్దామెను ఆపి అడిగాను. "నువ్వన్నా ఒక మాట చెప్పకూడదా అక్కా?"

"నువ్వు ఇంజను పనోనివి. ఈడ కాకుంటే ఆదోనిలో పెట్టుకుంటారు. మమ్మల్ని రేపట్నుంచి రావద్దంటే యాడికి పోవాల?"

ఆమె మీద కోపం పోయింది గానీ, నా లోపలి మంట చల్లారలేదు. ఆ ఏటి బుడ్డల పని ముగియగానే షావుకారు నన్ను మానుకోమన్నాడు. ఆమె అన్నట్టే ఆదోనిలో పని దొరికింది. అక్కడా పొట్టు వీధిలోకే కొట్టేవాళ్లు. చేరిన రోజే గోనెల మాటెత్తితే, ఆ మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "నిన్ను పెట్టుకునింది ఇంజనుకు కాదాప్పా?" అన్నాడు.